ఆ ఇనుప చక్రం ఏమిటో తెలిసింది

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన శేషూ,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు వ్రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ క్షేమం, అమ్మాయి పరీక్షలు ముగిశాయి, నా మోకాలు కూడా తగ్గింది. మిగిలిన కబుర్లన్నీ ఫోనులో చెప్పుకోవచ్చు. చిక్‌పేట ఆదివారం సంతలో కొని తెచ్చి ఇంటిల్లిపాది చేతా చీవాట్లు తిన్న ఆ ఇనుప వస్తువు ఏమిటో తేలిపోయింది! దానిని గురించి చెప్పగానే నువ్వు "సీతాఫలం తరువాత ఇదా?" అని నవ్వావు చూడు, ఆ నవ్వుకు బదులు తీర్చుకునే రోజు వచ్చింది.

దాని రూపం మరొక్కసారి చెబుతాను. జానెడు పిడి, దాని కొసన రెండుగా చీలిన ఇనుప పంగ, ఆ పంగ మధ్య తేలికగా తిరిగే పలుచని చక్రం. కజ్జికాయల అంచు కోసే చక్రం లాగానే ఉంటుంది, కాకపోతే విరాటుడి కొలువులో వలలుడు వాడినంతటిది. అంచుకు పళ్ళు లేవు, పదును లేదు. కనుక అది కోయడానికి కాదన్నది మొదటిరోజే తెలిసింది. అమ్మినవాడు మాత్రం ఓడలలో వాడేదని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. బెంగళూరుకు ఓడ ఎలా వచ్చిందని నేను అడగలేదు, ఎందుకంటే అప్పటికే బేరం నాకు అనుకూలంగా తెగుతున్నది.

మా ఆఫీసులోని చరిత్ర పండితుడు (మన మూడో బెంచీ మహానుభావుడికి అన్నగారిలా ఉంటాడు) ఇది సర్వే సామగ్రి అనీ, దక్షిణ భారతాన్ని సర్వే చేసిన ఇంగ్లీషు అధికారి లాంబ్టన్ కాలం నాటిదనీ తీర్పు ఇచ్చాడు. 1804లో లాంబ్టన్ బృందం బెంగళూరు దగ్గర ఆధార రేఖను (సర్వే లెక్కలకు మూలమైన గీతను) కొలిచింది నూరడుగుల ఉక్కు గొలుసుతో కదా అని నేనంటే, గొలుసు లేనప్పుడు చక్రం వాడి ఉంటారన్నాడు. దారి పొడవు కొలిచే చక్రాలు ఉన్నమాట నిజమే గాని, అవి మనిషి నడుస్తూ నెట్టుకుపోయేంత పెద్దవి. చుట్లు లెక్కపెట్టే యంత్రం వాటికే అమర్చి ఉంటుంది. పటం మీద దూరాలు కొలిచే చక్రమేమో గోరంత ఉంటుంది. ఇది ఆ రెండింటిలో దేనికీ చెందదు.

అసలు దారి చూపించింది కిరసనాయిలు. గరుకు కాగితం పెడితే ఉన్న గుర్తులు కూడా పోతాయని భయపడి, పాత గుడ్డను కిరసనాయిలులో తడిపి ఓపికగా తుడిచాను. తుప్పు వదిలేసరికి అంచు పొడవునా సమాన దూరంలో సన్నని గీతలు, అక్కడక్కడ అరిగిన అంకెలు, ఒకచోట ఆకురాయితో దిగరాచిన లోతైన గాటు బయటపడ్డాయి. అడ్డంగా కొలిస్తే 7 5/8 అంగుళాలు వచ్చింది. ఏడున్నరా కాదు, ఎనిమిదీ కాదు, ఇటువంటి వంకర కొలతతో చక్రం ఎవరు చేస్తారు? విసుగుతో దానిని 22/7 చేత గుణించాను, శేషూ, దాదాపు 24 వచ్చింది! అంటే ఒక్క చుట్టు తిరిగితే సరిగ్గా రెండడుగులు. చేసినవాడికి వ్యాసంతో పనే లేదు, చుట్టుకొలతతోనే పని. వంపు తిరిగిన దేన్నో కొలవడానికి చేసినదన్నమాట.

దేన్ని అన్నది చెప్పింది మా గ్రిల్లు పనికి వచ్చే వెల్డింగు అబ్బాయి తాతగారు. కదిరి వైపు కమ్మరి. ఇప్పుడు మనవడి దగ్గర ఉంటున్నాడు. దానిని చేతిలోకి తీసుకోగానే ఆయన బొటనవేలు గాటు మీదికి వెళ్ళింది. "ఇది పట్టా కొలిచే చక్రం కద సామీ" అన్నాడు. పట్టా అంటే బండి చక్రం చుట్టూ తొడిగే ఇనుప కట్టు. ఊళ్ళో తాము తాడుతోనే కొలిచేవారట. వయసులో ఉన్నప్పుడు ఇక్కడి జట్కా చక్రాల షెడ్డులో మేస్త్రీ చేతిలో ఇటువంటిదాన్ని చూశాడట. ఇంగ్లీషు కమ్మరులు దీన్ని ట్రావెలర్ అంటారు.

పని తీరు విను. కుండలో (చక్రం నడిమి దిమ్మెలో) ఆకులు, అంటే అడ్డకర్రలు దిగగొట్టి, వాటిపై పూటీలు (అంచు చుట్టూ వచ్చే వంపు చెక్కలు) బిగించిన కొయ్యచక్రం అంచు మీద దీనిని దొర్లిస్తారు. గాటు దగ్గర మొదలుపెట్టి చుట్లు లెక్కిస్తారు. అడ్డంగా అయిదడుగులుండే చక్రమైతే ఏడు చుట్లూ, పైన సుమారు ఇరవై అంగుళాలూ వస్తుంది. తరువాత నేల మీద పరిచిన ఇనుప పట్టా మీద అన్నే చుట్లు దొర్లిస్తారు. తాడు లాగితే సాగుతుంది, ఇది సాగదు. అయితే పట్టాను అదే కొలతకు కోస్తే పని చెడుతుంది. ఇనుము వంగేటప్పుడు లోపలి వైపు కుదించుకుపోతుంది కనుక మందానికి మూడింతలు కలపాలి. అలా కలిపిన తరువాత మళ్ళీ కొంత తగ్గించాలి, పట్టా చక్రం కంటే చిన్నదిగా ఉండాలి కాబట్టి! పిడకల మంటలో అది ఎర్రబడే సరికి, ఆరువందల డిగ్రీల వేడికి ఆ పొడవు అంగుళానికి పైగా సాగుతుంది. పటకార్లతో చక్రానికి తొడిగి నీళ్ళు కుమ్మరిస్తే ముడుచుకొని పూటీలనూ ఆకులనూ ఒక్కటిగా బిగిస్తుంది. తగ్గింపు చాలకపోతే పట్టా వదులవుతుంది, ఎక్కువైతే ఆకులు వంకరపోతాయి. మనం భౌతికశాస్త్రం పరీక్షలో బట్టీపట్టి మార్కులు సంపాదించిన ఆ జవాబు వెనుక ఇంత లెక్క ఉందని మాస్టారు ఒక్క ముక్కయినా చెప్పారా? (ఆయన పేరెత్తితే నీకు ఎర్ర స్కూటరు గుర్తు వస్తుంది. వద్దులే.)

పెద్దాయన దానిని మా హాలు నేల మీద గోడ నుంచి గోడకు దొర్లించి, నోటితో చుట్లు లెక్కపెట్టి, హాలు ఎన్ని అడుగులో చెప్పాడు. మా ఆవిడ గీతలు పడతాయని అరిచింది. తరువాత ఆయన టైరు బండ్లు వచ్చాక తమ ఊళ్ళో పట్టా పని ఆగిపోయిందనీ, అప్పుడే తన కొడుకు వెల్డింగు నేర్చుకున్నాడనీ చెప్పాడు. నాకేమనాలో తోచలేదు, కాఫీ ఇచ్చాను.

ఇప్పుడు నీ పని. మీ తాతగారి బండి చక్రాలు ఇంకా పశువుల పాకలో ఉంటే, పట్టా మందమూ, చక్రం అడ్డకొలతా తీసి పంపు. పూటీల అతుకుల మధ్య సందు ఉందో లేదో కూడా చూడు, ఎందుకంటే ఆ పెద్దాయన చెప్పినదాని ప్రకారం కట్టేముందు అక్కడ... కింద కారు వచ్చి హారను కొడుతున్నది, పెళ్ళికి ఆలస్యమైతే నేను బ్రతకను. కొలతలు తప్పక పంపు.

నీ
రామం