పరిశీలన వారం ఖాళీ పీరియడ్ల పాలు

సంపాదకుడికి,

అయ్యా,

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీ చదివేవారు మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16 వారాలు బడిలో గడపాలి. ఆ 16 వారాల్లో తొలి వారం తాము పాఠం చెప్పకుండా, ఆ తరగతి ఉపాధ్యాయుని బోధనను వెనక కూర్చుని గమనించాలి. విశాఖ నగరంలోని ఉన్నత పాఠశాలల్లో గణితం బోధించి పదవీ విరమణ చేసిన నేను, ఆ ఒక్క వారం సక్రమంగా జరగడం అరుదుగానే చూశాను.

ఛాత్రోపాధ్యాయులు, అంటే బడికి శిక్షణకు వచ్చే ఈ బీఈడీ విద్యార్థులు, సోమవారం గేటు దాటి లోపలికి రాగానే, సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు వారికి అప్పగిస్తారు. సిబ్బంది కొరతలో ప్రధానోపాధ్యాయుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. నేనూ అలా పంపినవాడినే. ఇక గమనించినది రాయవలసిన పరిశీలన రికార్డంటారా, సీనియర్ల రికార్డు చూసి ఒక్క రాత్రిలో రాసేస్తారు. 'ఉపాధ్యాయుని స్వరం స్పష్టంగా ఉంది, నల్లబల్ల వినియోగం బాగుంది' అన్న వాక్యాలు ఏ బడికైనా సరిపోతాయి.

పదిహేనేళ్లు బెంచీ మీద కూర్చుని పాఠాలు విన్నవారు కొత్తగా చూడవలసిందేమిటని కొందరు అడుగుతారు. విద్యార్థిగా వారు చూసింది పంతులు ముఖాన్నే తప్ప, పక్క పిల్లవాడి నోటుపుస్తకాన్ని కాదు. ఒకసారి ఆరో తరగతిలో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే, మూడు కన్నా నాలుగు పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని ఒక మత్స్యకారుల అబ్బాయి చెప్పాడు. తప్పని చెప్పకుండా, పడిన చేపలను ముగ్గురు పంచుకుంటే నీ వాటా ఎక్కువా, నలుగురు పంచుకుంటేనా అన్నాను. తన జవాబును తానే దిద్దుకున్నాడు. వెనక కూర్చున్న ఛాత్రోపాధ్యాయురాలు ఆ రోజు రాసుకున్నది నా ప్రశ్నను కాదు, అతను తలెత్తి ఆలోచించిన ఆ కొద్ది క్షణాలను. ఆమె పరిశీలన నాకు నచ్చింది.

ఆ క్షణాలకు విలువ ఉందని పరిశోధనా చెబుతుంది. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపారు. మూడేసి సెకన్లకు తరగతిలో ఎవరు మాట్లాడుతున్నారో గుర్తించే ఫ్లాండర్స్ పద్ధతిని మనవాళ్లు పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు గాని, చేతిలో గడియారంతో ఒక్క పీరియడైనా ప్రయత్నించినవారు నాకు ఎదురుపడలేదు.

కాబట్టి జిల్లా విద్యాశాఖ ఆ తొలి వారంలో ఛాత్రోపాధ్యాయులకు సెలవు పెట్టిన టీచర్ల పీరియడ్లు ఇవ్వరాదని ప్రధానోపాధ్యాయులకు ఉత్తర్వు పంపాలి. కళాశాలలు పాత నమూనా రికార్డును పక్కన పెట్టి, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లలను ఎంచుకుని, వారు ఏం రాశారో, ఎక్కడ ఆగారో, ఎవరిని అడిగారో ఐదు రోజులు రాయమనాలి. ఆ రాతను ముందు పెట్టుకుని సాయంత్రం అరగంట తరగతి ఉపాధ్యాయునితో మాట్లాడే అవకాశం కల్పించి, ఆ అరగంటను ఆయన పనిగంటల్లోనే లెక్కించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
విశాఖపట్నం