నాన్న కోసం వచ్చిన మీ అందరికీ

అందరికీ నమస్కారం.

మా నాన్నకు రక్త క్యాన్సర్ మందు మూడో సైకిల్, అంటే మూడో విడత, పూర్తయింది. భోగికి ముందు రోజు రాత్రి ఇంటికొచ్చాడు. చివరి రిపోర్టులో ప్లేట్‌లెట్లు 1 లక్షా 92 వేలు. ఆ అంకె చూడగానే నేను మొదటి ఫోన్ చేసింది మా బంధువులకు కాదు, బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసే మా స్కూలు బ్యాచ్ అబ్బాయికి. ఎందుకో చెప్పాలనే ఈ పోస్టు. ఆరు నెలల నుంచి రాయాలనుకుంటున్నా. మందు నడుస్తుండగా రాస్తే దిష్టి తగులుతుందని అమ్మ ఆపుతూ వచ్చింది. పండగ పూట తనే "ఇప్పుడు రాయి బిడ్డా, అందరికీ పేరుపేరునా చెప్పు" అంది.

నాన్న మిర్యాలగూడలో ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఆపరేటర్. ఇరవై రెండేళ్లుగా అదే మిల్లు. పోయిన జులైలో పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. "వేడి చేసిందేమో, మజ్జిగ తాగమను" అన్నాను. అమీర్‌పేట హాస్టల్ మెట్లు దిగుతూ, ఆఫీసు క్యాబ్ వచ్చేసిందన్న తొందరలో అన్న మాట. అది ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. నాలుగు రోజులకు మోచేతుల మీద నల్లటి కమిలిన మచ్చలు వచ్చాయి. బస్తా తగిలిందేమో అనుకున్నారు. రక్త పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 14 వేలు. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాలి. సీజన్ కాబట్టి అందరం డెంగీ అనే అనుకున్నాం. మిల్లు సేఠు ఆ రాత్రే తన కారు, డ్రైవరు ఇచ్చి హైదరాబాద్ పంపారు. దారంతా నాన్న ఒక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడట. దిగేసరికి ఆ తువ్వాలు రంగు మారిపోయింది.

అది డెంగీ కాదు. రక్త క్యాన్సర్‌లో ఏపీఎల్ అనే రకం. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాటలు ఇంచుమించు ఇవి: ఈ రకానికి మంచి మందు ఉంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది, కానీ మొదటి రెండు మూడు వారాలు రక్తస్రావం కాకుండా కాపాడుకోవాలి, మెదడులో రక్తస్రావమైతే మన చేతిలో ఏమీ ఉండదు. మందు పనిచేసేదాకా బయటి నుంచి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూనే ఉండాలి. ఆ మందులు రెండు. ఒకటి విటమిన్ ఎ జాతికి చెందిన గొట్టం మాత్రలు. షాంఘైలో వాంగ్ జెన్‌యీ అనే వైద్యుడు 1980ల్లో ఈ జబ్బుకు వాడి చూపించారట. రెండోది ఆర్సెనిక్, నరం ద్వారా ఎక్కిస్తారు. ఆర్సెనిక్ అంటే పాషాణం కదా అని అమ్మ వణికిపోయింది. రోజూ సీసా వేలాడదీసినప్పుడల్లా దానికి దండం పెట్టుకునేది. గుండె లయ మీద ప్రభావం ఉంటుందని నాన్నకు ఈసీజీలు తీస్తూనే ఉండేవాళ్లు.

మొదటి రెండు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు.

ఈ సంగతి దాచకుండా రాయాలి. మా ఇంట్లో నాన్న నేర్పింది ఒక్కటే, "ఎవరి దగ్గరా చెయ్యి చాపొద్దు." ఇంటర్‌లో ఫీజు కట్టలేనప్పుడు కూడా ఆయన ఎవరినీ అడగలేదు, సైకిల్ మోటార్ అమ్మేశాడు. నేనూ అలాగే పెరిగాను. ఉద్యోగం వచ్చాక స్కూలు గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. ఊళ్లో ఎవరైనా పెళ్లికి పిలిస్తే పని ఉందని తప్పించుకున్నాను. ఎవరికీ బాకీ లేకుండా బతకడమే గొప్ప అనుకున్నాను. నాన్న మంచం పక్కన నిలబడి, ఫోన్‌లో ఉన్న ఆరు వందల నంబర్లు పైకీ కిందికీ జరుపుతూ, ఎవరికి చేయాలో తెలియక రెండు రోజులు గడిపాను. మూడో రోజు పొద్దున బ్లడ్ బ్యాంకు నుంచి ఒక అన్న వచ్చి "స్టాకు లేదమ్మా, సాయంత్రానికి డోనర్‌ను తెచ్చుకోవాలి" అన్నాడు. అప్పుడు స్కూలు గ్రూపు తెరిచాను. 2016 పదో తరగతి బ్యాచ్. రెండేళ్లుగా అందులో ఒక్క మెసేజ్ పెట్టలేదు. "మా నాన్నకు బాగోలేదు" అని మాత్రమే రాయగలిగాను. చేతులు ఆడలేదు.

నలభై నిమిషాల్లో పదకొండు ఫోన్లు వచ్చాయి. లేత్ పనివాడు, మా వెనక బెంచీలో కూర్చునే అబ్బాయి, నా మెసేజ్‌ను పక్కకు పెట్టి తనే కొత్తగా రాశాడు: బి పాజిటివ్, ఎస్‌డీపీ (ఒకే దాత నుంచి మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్లు) కావాలి, ఏ ఆసుపత్రి, ఏ టైముకి, ఎవరికి ఫోన్ చేయాలి, బరువు 50 కిలోలు దాటి ఉండాలి, మూడు రోజుల్లో నొప్పి మాత్రలు వేసుకుని ఉండకూడదు, తిని రావాలి. పని అయిపోగానే కింద "డోనర్ దొరికారు, ఇక పంపకండి" అని పెట్టాడు. వాళ్లమ్మకు డెంగీ వచ్చినప్పుడు నేర్చుకున్నాడట. ఇలాంటి మెసేజ్ ఎలా రాయాలో మా చదువుల్లో ఎక్కడా చెప్పలేదు. తేదీ, టైము లేని మెసేజ్ నెలల తరబడి తిరుగుతూనే ఉంటుందని, నిజంగా అవసరమైన వాళ్లను కూడా జనం నమ్మకుండా చేస్తుందని అతనే చెప్పాడు.

మొదటి డోనర్ కూడా అతనే. నైట్ షిఫ్ట్ దిగి, మెట్రో ఎక్కి వచ్చాడు. "ఖాళీ కడుపుతో తీసుకోరు చెల్లె, ఇడ్లీ తినొస్తా" అని కిందికి వెళ్లొచ్చాడు. చేతిలో చిన్న బంతి పెట్టి నొక్కుతూ ఉండమన్నారు. మిషన్ అతని రక్తం తీసుకుని, ప్లేట్‌లెట్లు మాత్రం వేరు చేసుకుని, మిగతాది అతనికే తిరిగి పంపుతుంది. గంటన్నర పట్టింది. మధ్యలో పెదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే కాల్షియం బిళ్ల ఇచ్చారు. నేను అద్దంలోంచి చూస్తున్నాను. పలచటి తేనె రంగులో సంచి మెల్లగా నిండుతోంది. అప్పటిదాకా రక్తమంటే ఎర్రగానే ఉంటుందనుకునేదాన్ని. ఆ సంచులను పైకి తెచ్చేదాకా ఒక పెట్టెలో ఊయలలా ఊపుతూనే ఉంచుతారు, ఐదు రోజులు దాటితే పనికిరావు. అందుకే ఎవరూ ముందే దాచిపెట్టలేరు. ప్రతిసారీ ఒక మనిషి లేచి రావాల్సిందే.

నాన్నకు 19 రోజుల్లో తొమ్మిది ఎస్‌డీపీలు ఎక్కాయి. ఆ తొమ్మిది సంచుల కోసం వచ్చినవాళ్లు ముప్పై ఒక్కమంది. బి పాజిటివ్ మామూలు గ్రూపే కదా, ఇబ్బంది ఏముంటుందనుకున్నా. ఒకరికి నరం సన్నగా ఉంది, ఒకరికి కౌంటు లక్షన్నర లేదు, ఒకరు నెల కిందటే టాటూ వేయించుకున్నారు. ఇబ్రహీంపట్నం నుంచి బండి మీద వానలో వచ్చిన ఒక తమ్ముడిని హిమోగ్లోబిన్ తక్కువని పంపేశారు. అతను ఏడ్చినంత పని చేశాడు. మీ ఇరవై రెండు మందికీ నేను అప్పుడు సరిగ్గా కృతజ్ఞత చెప్పలేకపోయాను. ఇవ్వలేకపోయామని అనుకోకండి. మీరు వచ్చి కూర్చున్నందుకే ఆ రాత్రులు మేం తట్టుకోగలిగాం.

ఒక రోజు ఎవరూ దొరకలేదు. గేటు బయట ఒకతను ఐదు వేలిస్తే మనిషిని తెస్తానన్నాడు. నేను పర్సు తీశాను కూడా. మా హాస్టల్ వార్డెన్ ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపింది. డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం మన దేశంలో 1998 జనవరి నుంచే నిషేధం. ఆంటీకి ఈ రూలు తెలీదు. "డబ్బుకొచ్చేవాడు జ్వరముందని చెప్తాడా?" అని మాత్రం అడిగింది. వాళ్ల అబ్బాయిని ఫోన్ చేసి నిద్ర లేపింది. రాత్రి పదకొండింటికి అతను వచ్చి పడుకున్నాడు మిషన్ పక్కన. అద్దె ఒక్క రోజు ఆలస్యమైతే అరుస్తుందని నేను ఆ ఆంటీ గురించి నా స్నేహితులతో ఎన్నో మాటలన్నాను. ఆంటీ, క్షమించు.

కాగితాల గురించి కూడా చెప్పాలి, నాలాంటి వాళ్లకు పనికొస్తుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. మాకు కార్డు ఉంది. కానీ రేషన్ కార్డులో నాన్న పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది. ఒక్క అక్షరం తేడా. అది సరిచేయించడానికి మా చెల్లె ఊళ్లో మీసేవకు నాలుగుసార్లు తిరిగింది. డెస్కు దగ్గర కూర్చునే ఆరోగ్యమిత్ర అక్క ఓపికగా ఏ కాగితం ముందు, ఏది తర్వాత అని నా అరచేతి మీదే రాసిచ్చింది. అక్కా, నువ్వు ఆ రోజు నా మీద విసుక్కోని ఒకే ఒక్క మనిషివి. ఆఫీసులో చేరినప్పుడు ఇన్సూరెన్సులో అమ్మానాన్నలను చేర్చుకుంటారా అని అడిగితే, నెలకు ఏడొందలు కట్ అవుతాయని వద్దని టిక్ పెట్టాను. ఆ డబ్బుతో ఏం కొన్నానో గుర్తు కూడా లేదు. పాతికేళ్ల లోపు ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ ఫారం ఇవాళే తెరిచి చూడండి.

అమ్మకు ఏటీఎం వాడటం రాదని నాకు ఆసుపత్రిలోనే తెలిసింది. పాస్‌బుక్, పిన్, చీటీ పాట లెక్క, అన్నీ నాన్న తలలోనే ఉన్నాయి. ఐసీయూలో ఉన్న మనిషిని పిన్ నంబర్ అడగాల్సి వచ్చింది. అంతకంటే కష్టమైన మాట నేను ఇంతవరకు ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అమ్మ తనే ఫోన్ పే చేస్తుంది. మొదటిసారి కూరగాయలామెకు నలభై రూపాయలు పంపి, వెళ్లాయా లేదా అని నాకు మూడుసార్లు ఫోన్ చేసింది.

డబ్బు ఇచ్చిన వాళ్ల పేర్లన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. మొత్తం నలభై ఏడు పేర్లు. మిల్లు హమాలీలు చందా వేసుకుని కవరులో తెచ్చిన 8,600, అందులో కొన్ని పది నోట్లు. మా మేనేజర్ తన పేరు చెప్పొద్దని పంపినవి. ఎవరి దగ్గరా చెయ్యి చాపని నాన్న, ఆ కవరును రెండు చేతులతో అందుకున్నాడు. ఏమీ మాట్లాడలేదు. వాళ్లు వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి "పుస్తకంలో అందరి పేర్లూ రాశావా?" అని అడిగాడు. అప్పుగా ఇచ్చినవి జూన్ నుంచి నెలకు కొంచెం కొంచెంగా తిరిగిస్తాను. "వద్దు" అన్నవాళ్లతో నేను వాదించను. ఆ పేర్లు మాత్రం కొట్టేయను.

రాని వాళ్ల మీద కొన్ని రోజులు కోపంగా ఉండేది. దగ్గరి వాళ్లు, రోజూ మాట్లాడేవాళ్లు ఒక్కసారైనా ఫోన్ చేయలేదు. ఒక రాత్రి అమ్మతో అంటే, "నువ్వు ఎంతమంది ఇళ్లకు పోయినవ్ బిడ్డా?" అంది. నాకు జవాబు లేదు. ఈ ఆరు నెలల్లో మా బ్యాచ్‌లో ఇద్దరి పెళ్లిళ్లకు, ఒకరి తాతయ్య దశదిన కర్మకు వెళ్లాను.

మొన్న నేను కూడా రక్తం ఇద్దామని వెళ్లాను. హిమోగ్లోబిన్ 10.8 ఉందని వెనక్కి పంపారు, పన్నెండున్నర ఉండాలి. ఐరన్ మాత్రలు వాడుతున్నా. మార్చిలో మళ్లీ వెళ్తాను. లేత్ అబ్బాయి తోడొస్తానన్నాడు.

ఇంకొక్క మాట. ఆగస్టు మొదటి వారంలో, శుక్రవారం సాయంత్రం అనుకుంటా, కూకట్‌పల్లి వైపు నుంచి ఒక అన్న వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చారు. నేను మందుల కోసం బయటికి వెళ్లి తిరిగొచ్చేసరికి వెళ్లిపోయారు. ఆయన నంబరు ఎవరి దగ్గరా లేదు. మా ఆవిడ పంపిందంటూ అమ్మ చేతిలో పులిహోర డబ్బా పెట్టారట. ఆ రోజు అమ్మ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. డబ్బా స్టీలుది, మూత మీద చుక్కలతో చెక్కిన పేరు అరిగిపోయింది, "గృహప్రవేశం, 2011" అన్నది మాత్రం కనిపిస్తోంది. అన్నా, వదినా, ఈ పోస్టు మీ కంట పడితే ఒక్క మెసేజ్ పెట్టండి. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని అమ్మ అందులో సకినాలు నింపి పెట్టింది. అవి మెత్తబడేలోపు తెచ్చిస్తాను.