బహుమతి పేరుతో మాకు పని అప్పజెప్పకండి

సంపాదకులకు నమస్కారం.

మాతృదినోత్సవం ముందు ఆదివారం మీ అనుబంధంలో యాభై దాటిన అమ్మలకు ఇవ్వదగ్గ బహుమతులంటూ రెండు పేజీలు వేశారు. ఎయిర్ ఫ్రయర్, ముడతలు పోగొట్టే క్రీము, మోకాళ్ల మసాజర్, అడుగులు లెక్కపెట్టే వాచీ, ఇత్తడి గిన్నెల సెట్టు, ఫొటో అచ్చేసిన దిండు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, పక్కన ధరలు కూడా ఇచ్చారు, కాదనను. కానీ ఆ పేజీలు తయారుచేసినవాళ్లు యాభై దాటిన ఆడమనిషిని ఒక్కరినైనా అడిగారా అని నా అనుమానం. అడిగి ఉంటే ఆ దిండు మాత్రం ఉండేది కాదు. సొంత మొహం మీద తల పెట్టుకుని ఎవరు పడుకుంటారండీ.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్ని. పొద్దున్నే పార్కులో కలిసి నడిచే ఆడవాళ్లం కొంతమందిమి ఉన్నాం. మా కబుర్లలో బీపీ, షుగరు తర్వాత ఎక్కువగా వచ్చేది ఇదే: పిల్లలు ఏదో పంపారు, దాన్ని ఏం చేయాలో తెలియట్లేదు. "ఎంత ప్రేమో మా అబ్బాయికి" అని అందరికీ చెబుతూనే ఆ అట్టపెట్టెని అటకెక్కిస్తారు. పైకి అంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని భయం. నాకు ఆ మొహమాటం కాస్త తక్కువ కాబట్టి నేను రాస్తున్నాను.

మాకు వచ్చే బహుమతుల్లో సగానికి సగం బహుమతులు కావు, పనులు. ఎయిర్ ఫ్రయర్ సంగతే తీసుకోండి. ఇద్దరే ఉన్న ఇంట్లో అది గట్టు మీద సగం చోటు తినేస్తుంది. అందులో అప్పడం వేస్తే గాలికి ఎగిరి పైన హీటరుకి తగులుకుంటుంది. ఆ బుట్ట జిడ్డు వదలదు, పీచు పెట్టి రుద్దితే పూత పోతుంది, అందుకని పనమ్మాయికి వెయ్యకుండా మనమే తోముకోవాలి. నూనె తగ్గించమని డాక్టరు చెప్పాడు నిజమే, దానికి వేపుళ్లు మానేసి కూర ఉడకబెట్టుకుంటే సరిపోయింది, మిషను ఎందుకు?

ఈమధ్య కొత్త పిచ్చి ఇత్తడి. మీ పేజీలో కూడా దాన్నే పైన వేశారు, అమ్మమ్మల కాలపు ఆరోగ్యం అని. మా ఇళ్లల్లో ఇత్తడి బిందెలూ గంగాళాలూ పాత సామాను వాడికి తూకానికి వేసి స్టీలు తెచ్చుకున్నది మా అమ్మల తరం, మా తరమే. అది ఫ్యాషన్ కోసం చేసిన పని కాదు. ఇత్తడి గిన్నెలో చారు కాచాలన్నా పులుసు పెట్టాలన్నా లోపల కళాయి ఉండాలి, లేకపోతే చింతపండు పులుపుకి లోహం కూరలోకి దిగుతుంది, చిలుము రుచి వస్తుంది. కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చి, గుంట తీసి, తిత్తి ఊది గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి తగరం పూసి గుడ్డతో ఒక్క తుడుపు తుడిచేవాడు. పిల్లలం చుట్టూ నిలబడి చూసేవాళ్లం, మాకు వేడుక. కొన్నాళ్లకి ఆ పూత అరిగిపోయేది, మళ్లీ అతను ఎప్పుడొస్తాడా అని చూడటం. బయటి వైపు చింతపండు పెట్టి తోమకపోతే రెండ్రోజులకే నల్లబడేది. ఈ తోముడంతా ఎవరి చేతులతో జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఇంట్లోకి మొదటి స్టీలు గిన్నెల సెట్టు వచ్చిన రోజున మా అమ్మ వాటిని అలమారలో సర్ది, చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు అదే ఇత్తడి, దాని మీద పేరు కూడా కొట్టించి, రంగు కాగితం చుట్టి మనవలు తెచ్చి మా చేతిలో పెడుతున్నారు. పేరు కొట్టించారు కాబట్టి ఇంకొకరికి ఇవ్వడానికి కూడా లేదు. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి పని చేసేవాళ్ల చేతితనం నాకు తెలుసు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ముచ్చటపడేవాళ్లు తప్పకుండా కొనుక్కోండి. మీ అమ్మకి ఇచ్చేటప్పుడు మాత్రం తోమిపెట్టే మనిషిని, కళాయి వేసే మనిషి ఫోన్ నంబరుని కూడా ఆ పెట్టెలోనే పెట్టి ఇవ్వండి.

అమెరికా నుంచి వచ్చే మిషన్లది ఇంకో రభస. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మా పార్కు స్నేహితురాలికి అబ్బాయి కాఫీ మిషను మోసుకొచ్చాడు, దాంతోపాటు వోల్టేజి తగ్గించే పెట్టె కొనాల్సి వచ్చింది, అది కాఫీ మిషను కన్నా బరువు. ఆవిడ ఇప్పటికీ డికాక్షన్ ఫిల్టరులోనే వేసుకుంటుంది. మిషను మీద గుడ్డ కప్పి, పైన ఫోన్ పెట్టుకుంటుంది.

క్రీముల సంగతి ఒక్క ముక్కలో తేలుస్తాను. ముడతల క్రీము, జుట్టు రంగు, పొట్ట తగ్గించే బెల్టు, బరువు చూసే మిషను, ఇవి నోరు తెరిచి అడిగినవాళ్లకి తప్ప ఇవ్వకండి. బీపీ మిషను అవసరమే, కాకపోతే దాన్ని మామూలు రోజున కొనిపెట్టండి, పుట్టినరోజు కేకు పక్కన పెట్టి ఫొటో తీయకండి.

వాచీకి రోజూ ఛార్జింగ్ పెట్టాలి, ఫోనుతో కలపాలి, స్నానానికి తీసి ఎక్కడ పెట్టామో వెతుక్కోవాలి, అదంతా సరే అనుకుందాం. అసలు చిక్కు ఏమిటంటే అడుగులు మావి, లెక్క చూసేది వాళ్లు. రాత్రికి ఫోను వస్తుంది: "అమ్మా, ఇవాళ రెండు వేలు కూడా దాటలేదేంటి, నిన్న నిద్ర కూడా సరిగ్గా పోలేదు కదా?" సర్వీసంతా ఊరి పిల్లల ప్రోగ్రెస్ కార్డులు రాసినదాన్ని, ఇప్పుడు నా ప్రోగ్రెస్ కార్డు రోజూ డల్లాస్ వెళ్తోంది.

కెమెరాలు ఇంకా అన్యాయం. మా పక్క వీధిలో ఒకావిడకి షష్టిపూర్తికి పిల్లలు హాల్లోనూ వంటింట్లోనూ కెమెరాలు పెట్టించారు, మీ సేఫ్టీ కోసమే అన్నారు. ఎండాకాలం మధ్యాహ్నం హాల్లో చల్లటి గచ్చు మీద జాకెట్టు హుక్కులు వదులు చేసుకుని కాసేపు నడుం వాల్చడం ఆవిడకి ఏళ్ల అలవాటు. ఇప్పుడు అటు అల్లుడు చూస్తాడో, ఇటు కోడలు చూస్తుందో అని ఉక్కపోతలో లోపల గదిలో పడుకుంటోంది. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవాలన్నా పెరట్లోకి వెళ్తున్నారట, నవ్వుతూనే చెప్పింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒంటరిగా ఉండేవాళ్లకి కెమెరా ధైర్యంగా ఉండొచ్చు, నేను కాదనను. ఏ గదిలో ఉండాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది మాత్రం ఆ ఇంట్లో ఉండే మనిషే అవ్వాలి.

అన్నిటికన్నా పెద్ద కానుక అమెరికా టికెట్. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లని మామూలుగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు, ఆ ఆరు నెలలూ సరిగ్గా కోడలి పురుటికో కూతురి పురుటికో కలుస్తాయి. ముందు అమ్మాయి తల్లి ఆరు నెలలు, ఆవిడ వచ్చేశాక అబ్బాయి తల్లి ఆరు నెలలు, షిఫ్ట్ డ్యూటీ అన్నమాట. సూట్‌కేసు నిండా కారప్పొడులు, ఆవకాయ, బాలింతకి పథ్యం సామాను, పసివాడికి ఉగ్గుగిన్నె సర్దుకుని, మోకాళ్లు పట్టేసిన కాళ్లతో అంతసేపు విమానంలో కూర్చుని వెళ్తాం. వంట, నీళ్లు పోయడం, గిన్నెలు, రాత్రి మేలుకోవడం. ఒక శని ఆదివారం నయాగరా చూపించి, "మా అమ్మకి నా గిఫ్ట్" అని ఫొటో స్టేటస్ పెడతారు. మనవణ్ని ఎత్తుకోవడం కన్నా ఆనందం ఏముంది, పిలవకపోయినా వెళ్తాం. చేతకావట్లేదమ్మా, సాయానికి రా అని అడగండి, వీసా వచ్చిన మర్నాడే బయల్దేరతాం. దాన్ని కానుక అని మాత్రం అనకండి. కానుక అన్నాక, నడుం నొప్పిగా ఉంది ఇవాళ వంట మీరు చూసుకోండి అనడానికి కూడా నోరు రాదు.

ఇక చీరలు. పెళ్లిళ్లలో, వ్రతాల్లో పెట్టే పెట్టుబడి చీరలూ జాకెట్టు ముక్కలూ ఊరంతా తిరిగి మళ్లీ పెట్టినవాళ్ల ఇంటికే చేరతాయని అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ రాయను. ఒక్క లెక్క మాత్రం చెబుతాను. మూడు నాలుగు వందల చీరకి ఫాలు, పీకో, లైనింగు జాకెట్టు కలిపితే కుట్టుకూలే చీర ధర దాటిపోతుంది. వచ్చే ముక్క ఏమో 80 సెంటీమీటర్లు. నాలాంటి ఒళ్లున్న మనిషికి మోచేతుల దాకా చేతులు పెట్టాలంటే మీటరు లేందే కుదరదని టైలరు ఎప్పుడూ సణుగుతూనే ఉంటాడు. అంటే ఇచ్చినవాళ్లకి ఒక ఖర్చు, పుచ్చుకున్నవాళ్లకి రెండు.

రంగుల విషయం వేరే చెప్పాలి. యాభై నిండిన దగ్గర్నుంచి నాకు వచ్చే చీరలన్నీ బిస్కెట్ రంగు, బూడిద రంగు, వెలిసిపోయిన గులాబీ. వయసుకి తగ్గట్టు అంటారు. నాకు చిలకపచ్చ ఇష్టం, చిన్నప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. భర్త పోయినవాళ్ల సంగతి మరీ ఘోరం. మా వైపు కర్మ రోజున పుట్టింటివాళ్లు చీర పెడతారు. మా తోటికోడలికి ఆ రోజు వచ్చిన చీరలన్నీ నీరుకావి రంగువే, పైగా ఏడుస్తున్న మనిషికి ఒకరి తర్వాత ఒకరు భుజాన కప్పుతూనే ఉన్నారు. బొట్టు పెట్టి చీర పెట్టే చోట ఇప్పటికీ ఆవిడని దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లిపోతారు, తర్వాత ఎప్పుడో వంటింట్లో కవరులో పెట్టి చేతికిస్తారు. అలా ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడం మర్యాద.

2017లో తెలంగాణ ప్రభుత్వం మొదటిసారి బతుకమ్మ చీరలు పంచినప్పుడు ఏం జరిగిందో మీ పత్రికల్లోనే చదివాం. నాణ్యత బాగాలేదని కొన్నిచోట్ల ఆడవాళ్లు వాటిని రోడ్డు మీద వేసి తగలబెట్టారు. తగలబెట్టడం నాకు నచ్చలేదు, చీర ఎవరో ఒకరి కష్టం. కానీ తర్వాతి ఏళ్లలో సిరిసిల్ల మరమగ్గాల మీద రంగులు, డిజైన్లు పెంచి నేయించారు, పెద్దవయసు వాళ్ల కట్టుకి సరిపోయేలా 9 మీటర్ల చీరలు కూడా విడిగా ఇచ్చారు. గట్టిగా చెప్పారు కాబట్టి కాస్తో కూస్తో విన్నారు. ప్రభుత్వం ఇచ్చింది నచ్చకపోతే రోడ్డెక్కి చెప్పొచ్చు. కొడుకు ఇచ్చింది నచ్చకపోతే ఎక్కడికెక్కి చెప్పాలి?

ఇచ్చాక ఆరాలు తీయడం ఇంకొకటి. "నేను ఇచ్చిన మిక్సీ ఏదమ్మా? పనమ్మాయికి ఇచ్చేశావా? దాని రేటు ఎంతో తెలుసా?" బాబూ, 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చదువుకో, ఆడమనిషికి బహుమతిగా వచ్చింది కూడా ఆమె సొంత ఆస్తే, పూర్తి హక్కు ఆమెదే అని ఉంది. మిక్సీ కోసం చట్టం దాకా ఎందుకంటారా? ఇచ్చేది ఇచ్చేసి తాళంచెవి మీ దగ్గరే పెట్టుకుంటే అక్కడిదాకా వెళ్లాల్సి వస్తుంది మరి.

ఇంత గొణిగారు, మీకేం కావాలో చెప్పండి అంటారేమో. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కావాలి, చెప్పేది అదే. మా పార్కులో ఒకావిడకి అమ్మాయి ఏడాది పాటు గిన్నెలు తోమే మనిషి జీతం కడతానంది, ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇంకొకావిడ కొడుకు దగ్గరుండి కళ్లజోడు మార్పించి, బ్యాంకు పని చూసిపెట్టి, రెండ్రోజులు ఫోను పక్కన పడేసి ఇంట్లో ఉన్నాడట, వారం దాకా అదే చెప్పింది. నాకైతే ఒంటికి నూలు, అంచుకి పట్టు ఉన్న గద్వాల చీర, చిలకపచ్చది, జాకెట్టు కుట్టించి మరీ ఇస్తే చాలు. లేదంటే డబ్బు నా అకౌంట్లో వెయ్యండి, దేనికి ఖర్చుపెట్టావు అని అడగకండి. ఇవేవీ అంగట్లో బొమ్మ చూసి ఆర్డరు పెట్టేవి కావు, ముందు అడగాలి, చెప్పేదాకా ఆగాలి, "ఏమీ వద్దురా" అన్న మొదటి జవాబుని పట్టుకుని వదిలేయకూడదు.

అన్నట్టు మాతృదినోత్సవం కోసం అమెరికాలో పట్టుబట్టి తిరిగిన ఆన్నా జార్విస్, 1914లో అధ్యక్షుడు విల్సన్ దాన్ని ప్రకటించాక, కార్డులూ పువ్వులూ చాక్లెట్ల వ్యాపారం చేసేశారని మండిపడి ఆ రోజుని రద్దు చేయించాలని ఏళ్ల తరబడి పోరాడింది. 1948లో చనిపోయింది, రద్దు కాలేదు. మీరు మాతృదినోత్సవం పేజీలు వేస్తే ఆవిడ గురించి కూడా నాలుగు ముక్కలు వేయండి.

చివరిగా మీకు నా మనవి ఒక్కటే. వచ్చే ఏడాది ఈ పేజీలు వేసేముందు మీ విలేకరిని ఒక ఉదయం ఏ ఊరి పార్కుకైనా పంపండి. మా ఊరికి పంపితే మరీ మంచిది, కూర్చోబెట్టి కాఫీ ఇస్తాం, వద్దన్నవీ కావాలన్నవీ పేరుపేరునా చెబుతాం. ఎయిర్ ఫ్రయర్ ఎవరికైనా కావాలంటే పెట్టెతో సహా ఇచ్చి పంపుతాం, బిల్లు కూడా ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
తాడేపల్లిగూడెం