మొండికేసిన బోల్టులతో ఒక ఏడాది: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్లను సొంతంగా బాగుచేసుకునే మన సంఘం ఈ ఏడాది శిక్షణంతా ఒకే సమస్యకు కేటాయించింది: ఎంత తిప్పినా ససేమిరా కదలని బోల్టు. కిందటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఇదే. బ్రేకుల పనైనా, సస్పెన్షన్ పనైనా మనవాళ్లకు సగంలో ఆగిపోయేది పని తెలియక కాదు, ఒక్క నట్టు ఊడక. అందుకే ఆ నిర్ణయం సరైనదేనని గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి శిక్షణ యాక్సిల్ నట్టు మీద, అంటే చక్రం నడిమధ్యన ఇరుసు చివర ఉండే పెద్ద నట్టు మీద. చక్రాల నట్లను చాలా కార్లలో 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల (మెలితిప్పే బలానికి కొలమానం) దాకా బిగిస్తారు. యాక్సిల్ నట్టుకు 200 దాటడం మామూలే. తుప్పు పట్టాక విప్పాలంటే బిగించినదానికన్నా ఎక్కువ బలమే పెట్టాలి. అర మీటరు బ్రేకర్ బారు (నట్లు విప్పే పొడవాటి పిడి) చివర 50 కిలోల బరువు మోపితే వచ్చేది 245 న్యూటన్ మీటర్లు. బారు మీటరు పొడవుంటే అదే బరువుకు 490. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించాక పొట్టి పానాతో కుస్తీ పట్టడం అందరూ మానేశారు. ఆ నట్టును కారు నేల మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే, ఇంకొకరు సడలించాలి. జాకీ మీదున్న కారుకు అంత బలం ఇస్తే కారే జారిపోతుంది. సడలించాక మాత్రం కారును దొర్లించొద్దు, బేరింగు దెబ్బతింటుంది. నట్టు అంచు యాక్సిల్ గాడిలోకి నొక్కి ఉంటే ముందు ఆ నొక్కును లేపాలి, లేకపోతే మరలు పాడవుతాయి.

రెండో శిక్షణలో జరిగిన పొరపాటు దాచను. బ్రేకు క్యాలిపర్‌ను (ప్యాడ్లను నొక్కే భాగం) పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టుకు పన్నెండు మూలల సాకెట్ (బోల్టు తలకు తొడిగే పానా) పెట్టి బారు లాగింది నేనే. టక్‌మన్న చప్పుడు వినగానే సడలిందనుకున్నాం. సాకెట్ తీసి చూస్తే బోల్టు తల మూలలు అరిగి, వెండిలా మెరుస్తున్నాయి. ఆరు మూలల సాకెట్ బోల్టు పక్కలను పట్టుకుంటుంది. పన్నెండు మూలలది మూలల దగ్గరే ఆనుతుంది, అందుకే జారింది. ఆ రోజుకు పని ఆపి, వైరు బ్రష్‌తో తుప్పు గీకి, లోపలికి ఇంకే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాం. మర్నాడు కాస్త చిన్న కొలత ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో తల మీదికి దిగ్గొట్టి, ముందు బిగించే వైపు రవ్వంత, తర్వాత విప్పే వైపు, మళ్లీ బిగించే వైపు... అలా ఊపుతూ పోయాం. కిర్రుమంటూ కదిలింది, మరల సందులోంచి గోధుమరంగు పొడి రాలింది. ఆ పొడి కనిపిస్తే ఇక బలం పెంచక్కర్లేదు, ఇంకాస్త నూనె వేసి అదే ఊపు సాగించాలి. బోల్టు కొత్తది వేశాం.

వేడి చేయడం గురించి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. వేడి చేయాల్సింది నట్టును, లోపలి బోల్టును కాదు. నట్టు వ్యాకోచించి పట్టు సడలుతుంది, తుప్పు పొర కూడా చిట్లుతుంది. మరలకు ఎర్ర రకం లాకింగ్ జిగురు పూసి ఉంటే సుమారు 250 డిగ్రీల వేడి తగిలితేనే మెత్తబడుతుంది. ఇంధన గొట్టాలు, బ్రేకు హోసులు, షాక్ అబ్జార్బర్ల దగ్గర మంట వద్దే వద్దు. క్లోరిన్ ఉన్న బ్రేకు క్లీనర్ కొట్టిన చోట వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతి, దయచేసి ఇంట్లో పనిచేసే ప్రతివారికీ చెప్పండి.

బోల్టులు విప్పే యంత్రం ఇంపాక్ట్ రెంచ్ ఒకే తీరుగా మెలిపెట్టదు, వరసగా దెబ్బలు కొడుతుంది. తుప్పును విరిచేది ఆ దెబ్బలే. సాకెట్‌కూ రెంచ్‌కూ మధ్య పొడవాటి ఎక్స్‌టెన్షన్ కడ్డీ తగిలిస్తే దెబ్బలో కొంత దాని మెలికలోనే పోతుంది. బరువైన సాకెట్ అయితే దెబ్బను బలంగా బోల్టుకు చేరుస్తుంది. ఇంజిన్ ముందుండే క్రాంక్ పుల్లీ బోల్టుకు బరువైన సాకెట్ ఎందుకు వాడతారో సభ్యులకు దీంతోనే అర్థమైంది. మెరిసే క్రోమ్ సాకెట్లు ఇంపాక్ట్‌కు పెట్టొద్దు, పగిలి ముక్కలు ఎగురుతాయి. నల్ల ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి, కళ్లద్దాలు తప్పనిసరి. బ్రేకు డిస్కు స్క్రూలకైతే సుత్తితో కొట్టే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ చాలు.

విరిగిన బోల్టుల శిక్షణ అనుకున్నంత బాగా సాగలేదు. విప్పే వైపుకే తిరుగుతూ తొలిచే ఎడమ మర డ్రిల్ బిట్లు సమయానికి చేతికందలేదు.

పనిముట్ల గదిలోకి ఈ ఏడాది ఒక టార్క్ మల్టిప్లయర్ (తిప్పే బలాన్ని పెంచే పనిముట్టు), ఆరు మూలల ఇంపాక్ట్ సాకెట్ల సెట్టు వచ్చాయి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌ను మాత్రం ఎవరో బోల్టు విప్పడానికి వాడారు, కొలత తప్పింది. అది బిగించడానికే. ఇకపై క్లిక్ రకం (పెట్టిన కొలత రాగానే టక్‌మనే) టార్క్ రెంచ్‌ను కనిష్ఠ కొలతకు తిప్పి ఉంచితేనే వాపసు తీసుకుంటాం.

విరిగిన బోల్టుల శిక్షణను వచ్చే ఏడాది మొదట్లోనే మళ్లీ పెడుతున్నాం. చక్రాన్ని మోసే పాత హబ్బులు, నకిల్స్ మీ దగ్గర పడి ఉంటే పారేయకుండా పనిముట్ల గదికి తెచ్చివ్వండి. ఎంత తుప్పు పట్టినవైతే అంత మంచిది.