రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: స్క్వాడ్రన్ల లెక్క ఒక్కటే చాలదు

గౌరవనీయులైన రక్షణ మంత్రి గారికి,

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 యుద్ధ విమానాలకు వీడ్కోలు పలికాక మన వాయుసేనకు మిగిలినవి 29 ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు). మంజూరైనవి 42. ఈ లోటు ప్రమాదకరమే. అయితే ఆ అంకె చేరితే చాలనుకోవడం కూడా ప్రమాదమే.

స్క్వాడ్రన్‌కు 18 విమానాల చొప్పున వేసుకుంటే 29 స్క్వాడ్రన్లకు 522 విమానాలు. వాటిలో 60 శాతం ఎగరడానికి సిద్ధంగా ఉంటే 313, 75 శాతమైతే 391. కొత్తగా ఒక్కటీ కొనకుండానే 78 విమానాలు, అంటే నాలుగు స్క్వాడ్రన్లకు పైగా చేతికొస్తాయి! ఈ సన్నద్ధత విడిభాగాల మీద ఆధారపడుతుంది. విడిభాగం దొరక్కపోతే పక్క విమానంలోంచి ఊడదీసి బిగించాల్సి వస్తుంది. పని రెట్టింపవుతుంది, రెండోది హ్యాంగర్‌లోనే ఉండిపోతుంది. పైగా సుఖోయ్, రఫేల్, మిరాజ్, మిగ్-29, జాగ్వార్, తేజస్ అని ఆరు రకాలు; దేని విడిభాగాలు దానివే, దేని శిక్షణ దానిదే. ఇంకో రకం చేర్చే ముందు దయచేసి ఈ భారం లెక్కించండి.

మార్క్-1ఏ, శిక్షణ రకాలు కలిపి స్వదేశీ తేజస్‌లు 83 కావాలని 2021లో ఆర్డరిచ్చాం. వాటి ఎఫ్-404 ఇంజిన్లలో మొదటిది అందింది 2025 మార్చిలో. ఇంజిన్ లేని తేజస్‌ను స్క్వాడ్రన్‌లో లెక్కించలేం. మరో 97కు సంతకాలయ్యాయి కనుక ఇంజిన్ల రాక విమానాల తయారీ కంటే కనీసం ఆరు నెలలు ముందుండేలా చూడండి.

36 రఫేల్స్ ఎంత మేటివైనా రెండు సరిహద్దుల్లో ఒకేసారి ఉండలేవు. రోజువారీ గస్తీ తేజస్‌కిచ్చి, రఫేల్స్‌ను శత్రు భూభాగంలో లోతైన దాడులకు అట్టిపెట్టాలి. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ భారత్ డైనమిక్స్ (బీడీఎల్)లో తయారయ్యే, విమానం నుంచి శత్రు విమానంపై ప్రయోగించే అస్త్ర క్షిపణుల నిల్వలూ విమానాలతో పాటే పెరగాలి.

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి ఏటా స్క్వాడ్రన్ల సంఖ్యతో పాటు ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాల శాతం కూడా సమర్పించాలని కోరుతున్నాం.

ఇట్లు,
వాయుసేన మేలు కోరే పౌరులు