చక్కగా తింటోందని చెప్పి చిక్కి శల్యమైన చేపను పంపడంపై ఫిర్యాదు

కస్టమర్ సేవల విభాగం మేనేజరు గారికి,

విషయం: మీరు పంపిన కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప పరిస్థితి, దానితో పాటు ఇచ్చిన మేత సూచనలు, మీ హామీ షరతుల గురించి.

అయ్యా,

ఏడు వారాల క్రితం మీ సంస్థ నుంచి నేను కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై అనే సముద్రపు చేపను ఒకదాన్ని తెప్పించుకున్నాను. మీ వెబ్‌సైటులో ఆ చేప ఫోటో కింద "చక్కగా మేత తింటోంది" అని రాసి ఉంది. ఈ జాతిని పెంచడంలో అసలు కష్టమంతా దానికి మేత అలవాటు చేయడంలోనే ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క మాటను నమ్మే ఆర్డరు పెట్టాను.

చేపను క్వారంటైన్ ట్యాంకులోకి, అంటే కొత్త చేపను కొన్నాళ్లు విడిగా ఉంచే ట్యాంకులోకి, వదిలాక పక్క నుంచి చూస్తే లోపమేమీ కనబడలేదు. వెండి రంగు ఒంటి మీద నారింజ పట్టీలు, వీపు రెక్క మీద నల్లటి కంటి మచ్చ, అన్నీ సక్రమంగానే ఉన్నాయి. సహజంగానే పలకలా పలుచగా ఉండే చేప కాబట్టి ఫోటోలో దాని బక్కతనం తెలియదు. అది నా వైపు తిరిగినప్పుడు తెలిసింది. తల వెనక వీపు కండ రెండు వైపులా కరిగిపోయి వెన్ను గట్టులా పైకి తేలి ఉంది, పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంది. ఒకటి రెండు రోజుల ప్రయాణంలో పొట్ట ఖాళీ అవుతుందేమో గాని వీపు కండ కరగదు. అంటే ఆ చేప మీ ట్యాంకులోనో, మీ దగ్గరికి రాక ముందో చాలా రోజులు పస్తులుంది.

మీరు పంపిన కరపత్రంలో రోజుకొకసారి ఫ్లేక్స్ వేస్తే చాలని ఉంది. పగడపు దిబ్బల సందుల్లోకి పొడుగాటి మూతి దూర్చి పురుగులను, చిన్న చిన్న జీవులను లాక్కుని తినే చేప నీటి మీద తేలే ఎండు రేకులను మేతగా గుర్తించడమే అరుదు. నాలుగో రోజున మీకు ఫోన్ చేస్తే, "ఆకలేస్తే అదే తింటుంది లెండి" అని సమాధానం వచ్చింది. అప్పటికే ఆకలితో కండ కరిగిన చేప గురించి ఆ మాట అన్నారని మీకు గుర్తుచేయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

తర్వాత జరిగినదంతా మీ సలహా లేకుండానే జరిగింది. ఆరో రోజున సగం తెరిచిన పచ్చి ఆల్చిప్పను ట్యాంకు అడుగున పెట్టి, దీపం తగ్గించి దూరంగా కూర్చున్నాను. దాదాపు గంట సేపు దాని చుట్టూ తిరిగిన తర్వాత చేప తల వంచి, మూతి కొనతో మాంసం అంచును ఒక్కసారి పొడిచి వెనక్కి తగ్గింది, మళ్లీ వచ్చి ఈసారి చిన్న తునక లాగింది. తొమ్మిదో రోజుకు, రాతి కన్నాల్లో కుక్కిన మైసిస్ రొయ్యలను ఏరుకుని తినసాగింది. చాలా రోజులు పస్తున్న చేపకు ఒకేసారి ఎక్కువ మేత వేయకూడదు కాబట్టి రోజుకు అయిదారు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాను. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలను కూడా ఇచ్చాను, ఎందుకంటే వాటి ఒంట్లో పచ్చసొన ఇంకా మిగిలి ఉంటుంది. గడ్డకట్టించి అమ్మే పెద్ద ఆర్టీమియాలో, విడిగా కొవ్వులు, విటమిన్లు పట్టిస్తే తప్ప, అంత సత్తువ ఉండదు. ఇన్నిసార్లు మేత వేస్తే చిన్న ట్యాంకులో చేపకు విషమైన అమోనియా పెరగక మానదు గనుక, మిగిలిన మేతను ప్రతిసారీ గొట్టంతో లాగేసి, ఉప్పు సాంద్రత, వేడి సరిచూసుకుని రోజూ కొంత నీరు మార్చాను. తెల్లటి దారంలాంటి మలం కనబడినప్పుడు పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయేమోనని అనుమానించాను. కానీ ఆకలితో ఉన్న చేపకూ మలం అలాగే ఉండవచ్చు, పైగా ఆ పరాన్నజీవులకు మందును సాధారణంగా మేతలో కలిపి ఇస్తారు, మేతే ముట్టని చేపకు దేనిలో కలుపుతాం?

ఇప్పుడు దాని పొట్ట గుండ్రంగా ఉంది, తల వెనక గుంట దాదాపు పూడింది. అయినా ఈ ఫిర్యాదు రాయక తప్పడం లేదు. చేరిన ఒక రోజులోపు చేప చనిపోతేనే మీ హామీ వర్తిస్తుంది. పస్తులతో క్షీణించే చేప ఒక రోజులో చనిపోదు, రెండు మూడు వారాలు తీసుకుంటుంది, అప్పటికి ఆ నష్టం కొనుక్కున్న వాడి నెత్తిన పడుతుంది. ఇంతకు ముందు నేను రాసిన మొదటి లేఖకు జవాబుగా మీరు చూపిన ఔదార్యం కూడా, ఇది పోతే ఇంకొకటి పంపుతామనడమే. అదే ట్యాంకు నుంచి, అలాగే మేత ముట్టని ఇంకొక చేప నాకు అక్కరలేదు.

నా చేప మీ దగ్గర ఎన్ని రోజులు ఉంది, ఏ మేత తింది, ఎవరు చూసి "తింటోంది" అని రాశారు అన్నవి నాకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ కరపత్రాన్ని వెనక్కి తీసుకుని ఈ జాతికి తగిన సూచనలు ముద్రించండి. ఇక మీదట ఏ చేప పక్కనైనా ఆ మాట రాసేటప్పుడు, అది మేత తింటున్న వీడియోను, ఎదురు నుంచి తీసిన ఒక ఫోటోను జతచేయండి. హామీ గడువును కనీసం రెండు వారాలకు పెంచే విషయం మీ నిర్ణయానికి వదలకుండా, స్పష్టంగా కోరుతున్నాను.

చేప చేరిన రోజున, ఈ వారంలో తీసిన ఫోటోలను ఈ లేఖతో జతచేశాను. పదిహేను రోజుల్లోగా సమాధానం ఇవ్వగలరు.

ఇట్లు,
మీ వినియోగదారుడు