ఈసారి కంద దురద లేదు

శ్రీకాకుళం,
నాగుల చవితి మర్నాడు.

చిట్టీ,

ఇక్కడ మేం బాగున్నాం. మీరూ బాగున్నారనుకుంటున్నాను. ఫోన్ చేస్తే "మీటింగులో ఉన్నానమ్మా" అని మెసేజి వస్తోంది. పదిహేడు రోజులుగా ఒకటే మీటింగా అని మీ నాన్న అడుగుతున్నారు. నేనేం అడగడం లేదు. ఉత్తరమైతే తీరికున్నప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను.

పెద్ద విశేషాలేం లేవు. మొన్న కంద తెచ్చాను. చేతులకి నూనె రాసుకుని తరిగి, చింతపండు పులుసులో మెత్తగా ఉడికించి, బచ్చలాకు వేసి, దించాక ఆవ కలిపాను. ఈసారి దురద లేదు. మీ నాన్న రెండుసార్లు వేయించుకున్నారు. రెండుసార్లు వేయించుకుని తినే మనిషికి ఇల్లు కదలాల్సిన అవసరం ఏముంటుంది చెప్పు?

సాలూరు పిన్ని ఫోన్ చేసింది. అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసే ముందు "అప్పా, చిట్టీ వాళ్ళు హైదరాబాదులో పెద్దవాళ్ళుండే రూములు చూసొచ్చారటగా" అంది. నాకు తెలిసినట్టే "ఆఁ ఆఁ" అన్నాను. సరే, దాని సంగతికేం.

నిన్న చవితికి నువ్వుల చిమ్మిలి చేశాను. మీ నాన్న పళ్ళ సెట్టు నోట్లో కంటే జేబులోనే ఎక్కువ ఉంటుంది కదా, అందుకని రోట్లో బాగా మెత్తగా దంచాను. బెల్లం ఉంది కాబట్టి చిన్న ఉండ ఒక్కటే ఇచ్చాను. రెండోది దేవుడి గదిలోంచి తీసుకున్నారు, నేను చూడనట్టు ఊరుకున్నాను. పొద్దున్న చోడి అంబలే, అక్కడ మీరు రాగులంటారే, అవే. నూరు గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములు దాటి క్యాల్షియం ఉంటుంది, బియ్యంలో అందులో పదో వంతు కూడా లేదు. ఇది మీ నానమ్మకి తెలియకపోయినా రోజూ తాగేది. నువ్వు పంపిన ఓట్స్ డబ్బా సీలు తీయలేదు. కోపం తెచ్చుకోకు, బుజ్జిగాడు వస్తే తింటాడని ఉంచాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన "అరవై దాటినవారు ఈ కాలంలో తినాల్సిన పది" కూడా చదివాను. మంచిదే గానీ అందరికీ ఒకటే చీటీ ఏమిటి? కవిటి మావయ్యకి చిలకడదుంప, అరటిపండు, కొబ్బరినీళ్ళు అన్నీ మానిపించారు. కిడ్నీలు పాడైతే పొటాషియం బయటికి పోదట. కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టి కొబ్బరినీళ్ళు తాగకూడదంటే మనిషి ఎంత చిన్నబుచ్చుకుంటాడో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. మనకి మాత్రం సీతంపేట సీతాఫలాలు బాగా దిగాయి. కళ్ళు విచ్చుకుని, మధ్య గీతలు తెల్లబడ్డవి ఏరి తెచ్చాను. షుగరు కదా, మీ నాన్నకి సగం పండే. మిగతా సగం నాకు. నాకెందుకు తగ్గుతుంది బరువు?

ఆ రూముల మాట నీకెందుకు తట్టిందో నాకు తెలియదనుకోకు. ముఖలింగం గుడి దగ్గర జరిగిన సంగతి పిన్ని నీకు చెప్పేసి ఉంటుంది. దానికి చెప్పింది నేనే, నా నోరు. నీకు చెప్పనందుకే కదా ఈ మీటింగులు? విను.

పోయినేడు రెండో కార్తీక సోమవారం. తెల్లవారుజామున మొదటి బస్సు. మీ నాన్న ఉపవాసం. నేను కాఫీ తాగి బయల్దేరాను, అబద్ధమెందుకు. ఈయన మాత్రం రోజూలాగే షుగర్ బిళ్ళ వేసుకున్నారు, "మందు మానకూడదు" అని. తిండి మానొచ్చు గానీ మందు మానకూడదట! వంశధారలో మునిగి, తడి పంచెతో వచ్చి క్యూలో నిలబడ్డారు. చల్లగానే ఉంది. కాసేపటికి చూస్తే నుదుటి మీద చెమటలు. తడి పంచె కదా, నీళ్ళేమో అనుకున్నాను. "టికెట్లు ఎక్కడ పెట్టావు?" అన్నారు. చేతిలోనే ఉన్నాయి, చూపించాను. మళ్ళీ అదే అడిగారు. మూడోసారి అడిగేసరికి మాట ముద్దగా వచ్చింది, వేళ్ళు వణుకుతున్నాయి. నేను వెర్రిదాన్ని, విభూతి పెట్టాను. పక్కన అరటిపళ్ళు అమ్ముకునే ఆవిడ ముందు తేరుకుంది. "షుగరా అమ్మా? ఏటీ తినలేదా?" అంటూ గ్లాసుడు నీళ్ళలో బెల్లం చిదిమి కలిపి, మింగగలుగుతున్నారో లేదో చూసి కొంచెం కొంచెం పట్టించింది. పావుగంటకి మనిషి మనిషయ్యారు. అవగానే మొదటి మాట, "ఉపవాసం పోయిందే". ఆవిడకి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పళ్ళు కొన్నాను, డజను.

అంతే. పడిపోలేదు, కూర్చున్నారు. పిన్ని పడిపోయారని చెప్పి ఉంటుంది.

ఇప్పుడు డాక్టరుగారు ఉపవాసమున్న రోజు ఏ బిళ్ళ ఆపాలో, ఏది వేసుకోవాలో కాగితం మీద రాసిచ్చారు. సొంతంగా మానొద్దన్నారు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ వాడితే బి12 విటమిను తగ్గుతుందని దానికీ పరీక్ష చేయించారు. ఈ నెలంతా నీచు ముట్టం, గుడ్డు లేదు, అందుకని రోజూ పప్పో ఉలవచారో ఉంటోంది, రెండు పూటలా పెరుగు. చలి మొదలయ్యాక మీ నాన్నకి దాహమే వేయదు. దాహం వేస్తేనే తాగాలని ఎవరన్నారని చెంబు పక్కనే పెడుతున్నాను.

నువ్వు మాత్రం ఏం తింటున్నావు? పొద్దున్న టీ, పదకొండుకి టీ. ఆకుకూర తిన్న వెంటనే టీ తాగితే అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే పడుతుంది. రక్తం తక్కువని నీకే చెప్పారు, మాకు కాదు. అల్లుడుగారికి చెప్పి చూడనా? సర్లే, చెప్పను.

మన వీధి చివర పాలబ్బాయి అన్నయ్య శనివారం హైదరాబాదు వస్తున్నాడు. ఉసిరి తొక్కు సీసా, తేగలు దొరికితే ఓ కట్ట, చోడిపిండి రెండు కేజీలు పంపుతున్నాను. ఆ రూముల్లో వంటకి విడిగా గది ఉంటుందా, అందరికీ ఒకే హాలా? ఊరికే అడుగుతున్నాను. రోలు పెట్టుకోనిస్తారో లేదో కూడా కనుక్కో.

తొక్కులో తడి చెంచా పెట్టకు. పోయినసారి బూజు పట్టించావు.

అమ్మ